మోట బావి నీలం

మా బాపును ఎద్దు దొంగ అన్నారు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే దానికి మొదలు అదే. నేను రెండో తరగతి చదివే రోజుల్లో, గంభీరావుపేట దగ్గరి మా ఊళ్ళో బాపు ఒక పటేలు ఇంట్లో జీతముండేవాడు. ఏడాది పొడవునా వాళ్ళ పశువులు, వాళ్ళ పొలం, వాళ్ళ బావి అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. ఒక వానాకాలం ఆ ఇంటి ఎద్దు మాయమైంది. ఊరంతా బాపు వైపు చూసింది. ఆ చూపుల మధ్య ఒక్క నెల కూడా బతకలేక మేం సిరిసిల్లకు వచ్చేశాం.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కోరుట్లలో సర్కారు బడిలో సైన్స్ చెప్తాను. పిల్లలు నన్ను చూసి భయపడతారని మా హెడ్‌మాస్టరు అంటాడు. భయమేమీ కాదు, ఒకసారి చెప్పిన మాట నేను రెండోసారి చెప్పనని వాళ్ళకు తెలుసు, అంతే. బాపు సిరిసిల్లలో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. సగం జీవితం మరమగ్గం నడిపిన మనిషి. ఇప్పటికీ చుట్టుపక్కల మగ్గాల చప్పుడు ఆగిపోతే మధ్యాహ్నం కునుకు పట్టదంటాడు. పొద్దున చాయ్ హోటలు, ఆదివారం చర్చి, సాయంత్రం తోటి ముసలాళ్ళతో పచ్చీసు. ఓడిపోతే గవ్వల మీద తప్పు పెడతాడు. సుఖంగానే ఉన్నాడు. ఆయన గురించి నేను దిగులుపడాల్సినంత కొరత ఏదీ లేదు.

రెండే రెండు పనులు చేయడు. గంభీరావుపేట ఆటో ఎక్కడు. పశువు పగ్గం చేత పట్టడు. ఒకసారి ముస్తాబాద్‌లో మా తమ్ముడి అత్తగారింట్లో, మేకను ఒక్క నిమిషం పట్టుకోమని ఎవరో తాడు అందిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ళంతా ముసలాయన మేకకు భయపడుతున్నాడని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లేచి నేనే ఆ తాడు అందుకున్నాను.

ఆ ఎద్దు సంగతి చెప్పాలి. నల్లటి ఎద్దు. తాడుతో కడితే కొరికి తెంపేది. అందుకని పటేలు కమ్మరి దగ్గర దానికోసమే ఇనుప గొలుసు చేయించాడు. ఒక కొస మెడకు, ఇంకో కొస కొక్కెంతో గూటానికి. ఊళ్ళో గొలుసున్న ఎద్దు అదొక్కటే. మోట కొట్టేదీ అదే. మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పెద్ద తోలు సంచిని బావిలోకి దించి, ఎద్దులను వాలులో కిందికి నడిపిస్తూ నీళ్ళు పైకి లాగేవాళ్ళు. పొద్దు పొడవకముందే బాపు దాన్ని విప్పి బావి దగ్గరకు తోలుకుపోయేవాడు. దానికి అదిలింపు అక్కర్లేదని, దారి చూపించకపోయినా తనే పోయి వాలు మీద నిలబడేదని చెప్పేవాడు. పని దొంగలైన మనుషులను తిట్టాలంటే ఇప్పటికీ ఆ ఎద్దు పేరే ఎత్తుతాడు.

ఆ వానాకాలం నాలుగు రోజులు తెరిపి లేకుండా ముసురు పట్టింది. ఊళ్ళో నాలుగైదు గోడలు కూలాయి, చెరువు కట్టకు గండి పడింది, పటేలు బావి ఒడ్డు ఒక పక్క కూలింది, మా గుడిసె మీద కప్పు సగం లేచిపోయింది. ఐదో రోజు తెల్లారి చూస్తే కొట్టంలో ఎద్దు లేదు. గూటం గూటం లాగే ఉంది. గొలుసు లేదు.

గూటం కదల్లేదంటే కొక్కెం ఎవరో చేత్తో విప్పారన్నారు. చేత్తో విప్పాలంటే ఆ ఎద్దు దగ్గరికి రానిచ్చేది ఒక్క మా బాపునే. ఇంతవరకు వాళ్ళ లెక్కలో తప్పు పట్టలేను. అసలు చిక్కంతా గొలుసు దగ్గర వచ్చింది. మా వైపు పశువును అమ్మినవాడు పగ్గం ఇవ్వడు. కొన్నవాడు తన పగ్గం తను తెచ్చుకోవాలి. పగ్గంతో సహా ఇస్తే కొట్టంలోని లక్ష్మి కూడా ఆ పశువు వెంట నడిచి పోతుందని నమ్మకం. దొంగసొమ్ము అమ్మేవాడైనా సరే ఆ పద్ధతి తప్పడని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఎంత చక్కటి తెలివో చూడండి! దొంగకు ఎద్దును కాజేయడానికి చేతులు వస్తాయి గానీ గొలుసు ఇచ్చేయడానికి మాత్రం రావట. కాబట్టి గొలుసు అమ్మినవాడి దగ్గరే ఉండాలి. గొలుసు ఎక్కడుంటే దొంగ అక్కడ. పటేలు అన్న ఆ మాట రెండు రోజుల్లో ఊళ్ళో సామెతైపోయింది.

గొలుసు వెతకడానికి పటేలు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఆ మనుషులు మా గడప దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. కప్పులో కర్రలు పెట్టి కెలికారు. గోడకున్న యేసుప్రభువు పటం దించి వెనక చూశారు. చివరికి పొయ్యి తవ్వారు. అమ్మ ఆ పొయ్యి మీది గంజికుండను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వాళ్ళు తవ్వినంతసేపూ అలాగే నిలబడింది. కుండ కాలుతోందని నాకు తెలుసు. కింద పెట్టమని చెబితే ఆమె నా వైపు చూడను కూడా లేదు. గొలుసు దొరకలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే బాగా దాచిన దొంగ. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ బాపు చేతికి పశువు పగ్గం ఇవ్వలేదు. పశువు పని తప్ప వేరే పని తెలియని మనిషికి అది అన్నం పెట్టకపోవడంతో సమానం. నెల తిరక్కముందే మూట కట్టుకున్నాం.

అమ్మ పోయే ముందు కూడా ఆ పొయ్యి మాటే ఎత్తింది. బాపు మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఒక్కటే అనేవాడు, ఆ ఎద్దును ఎవరు తీసుకుపోయారోగానీ మంచిగా చూసుకున్నారో లేదో అని.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నాకొక ఫోను వచ్చింది. ఆ పటేలు కొడుకు. రెండో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు. పటేలు చనిపోయి చాలా ఏళ్ళైంది. కొడుకు దుబాయిలో ఉండి ఉండి, ఇక చాలనుకుని తిరిగొచ్చి తల్లితో ఉంటున్నాడు. బోర్లు ఎండిపోతున్నాయని పాత మోట బావి పూడిక తీయిస్తున్నాడట. కూలిన ఒడ్డు వైపు తవ్వుతుంటే జిగటమట్టిలో తెల్లటి ముద్దలు తగిలాయి. పైకి తీసి పెడితే సాయంత్రానికి నీలంగా మారాయి. మైలుతుత్తమని, ఎవరో బావిలో విషం కలిపారని కూలీలు దిగడం మానేశారు. వాళ్ళ అమ్మ భయంతో ఇంట్లో నల్లా నీళ్ళు కూడా ముట్టడం లేదు.

“నీకు సైన్స్ తెలుసు గదా టీచరమ్మా, జర అచ్చి చూడరాదు,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా పొయ్యి తవ్విన ఇంటి బావికి నేను వైద్యం చేయాలా! తాగితే తాగండి, పోతే పోండి అని నోటిదాకా వచ్చింది. అంతలో నాలోని టీచరు అడ్డుపడింది. తెల్లగా ఉన్న రాయి ఊరికే నీలంగా మారదని, దుబాయి ఎండలకు అతని కళ్ళు చెడిపోయి ఉంటాయని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేశాక నిద్ర పట్టలేదు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ అయితే మొదట్నుంచీ నీలంగానే ఉంటుంది. నీళ్ళున్న బావిలో కరగకుండా ముద్దగా ఎలా ఉంటుంది? మర్నాడు బస్సెక్కాను. సిరిసిల్ల మీదుగానే పోయాను గానీ బాపుకు చెప్పలేదు.

పటేలు కొడుకు బావి దగ్గరే ఉన్నాడు. బట్టతల వచ్చింది, నవ్వు మాత్రం రెండో తరగతిదే. నేను వెళ్ళగానే ఒడ్డున పోసిన మట్టికుప్పలోంచి గుప్పెడంత ముద్ద తీయించి, నా ముందే గునపంతో పగలగొట్టించాడు. లోపల తెల్లగా, సన్నటి సూదుల్లాంటి పలుకులు గుత్తులుగా ఉన్నాయి. గోటితో గీరితే గీత పడింది, అంత మెత్తన. అతను చాయ్ తెప్పించాడు. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేసరికి ఆ తెలుపు మీద లేత నీలం పాకింది. అతను ఆ ముద్దను నా వైపు జరిపాడు. దుబాయి ఎండ మాట వెనక్కి తీసుకున్నానని నేనే చెప్పాను.

ఒక ముక్కను తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకుని కోరుట్లకు వచ్చాను. సెలవులు కాబట్టి బడి ల్యాబంతా నాదే. ముందు నీళ్ళలో వేశాను, కరగలేదు. ఆసిడ్‌లో కరిగించి అందులో ఇనుప మేకు ముంచాను. మైలుతుత్తమైతే మేకుకు రాగి పూత పడుతుంది, తొమ్మిదో తరగతి పిల్లలను అడిగినా చెప్తారు. ఏ పూతా పడలేదు. ఒక ముక్కను పొడి పరీక్షనాళికలో వేసి వేడి చేస్తే, పైన గాజుకు నీటి చుక్కలు పట్టాయి. రాయి తన లోపల నీళ్ళను దాచుకుంది. ఇనుము కోసం చూశాను, ఉంది. పక్కనున్న జూనియర్ కాలేజీ నుంచి మాలిబ్డేట్ మందు అడిగి తెచ్చి పోస్తే, మంచి పసుపు రంగు పొడి అడుగుకు దిగింది. అంటే ఫాస్ఫేట్. ఇనుము, ఫాస్ఫేట్, నీళ్ళు. రాగి లేదు, విషం లేదు. ఆ రోజు అన్నం వండుకోవడం కూడా మరిచిపోయాను. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిందే చెప్తున్నాను. నాకు జవాబు తెలియని ప్రశ్న నా ముందుకు వచ్చి ఎన్నాళ్ళైందో.

దాని పేరు తెలియాలంటే జగిత్యాలకు పోవాలి. అక్కడ నా డిగ్రీ రోజుల్లో జియాలజీ చెప్పిన సారు ఉన్నాడు. రిటైరై చాలా కాలమైంది. హాలునిండా అద్దాల బీరువాల్లో రాళ్ళే ఉంటాయి. కోడలు దుమ్ము తుడవలేక తిట్టుకుంటుంది, ఆయనకు చెవుడు కాబట్టి ఇంట్లో గొడవ లేదు. డబ్బా మూత తీసి చూపించగానే ఆయన లేచాడు. బీరువా కింది అరలోంచి నల్లగుడ్డ చుట్టిన చిన్న పెట్టె తీశాడు. అందులో కూడా ఇలాంటిదే, ముదురు నీలం ముక్క. ఎవరో విదేశాల నుంచి తెచ్చిచ్చారట. వెలుతురు తగిలితే ఇంకా నల్లబడి పొడిపొడి అవుతుందని చీకట్లో దాచాడు.

వివియనైట్ అన్నాడు. ఇనుము, ఫాస్ఫేట్ కలిసి, నీళ్ళను పట్టి ఉంచుకుని పలుకులు కట్టే ఖనిజం. భూమిలోంచి తీసేటప్పుడు రంగుండదు. గాలీ వెలుతురూ తగిలితే అందులోని ఇనుము మారుతుంది, దానితో నీలం వస్తుంది. బొలీవియా గనుల్లో జానెడేసి పలుకులు దొరుకుతాయట. మన దిక్కు తన జీవితంలో ఒక్కటి కూడా చూడలేదని, ఎక్కడిదో చెప్పేదాకా నన్ను ఇంటికి పోనివ్వనని అన్నాడు. మా ఊరి బావిలోదని చెప్పాను. అలాంటిది బావిలో ఎందుకు పుడుతుందని అడిగాను.

“గాలి సొరని తడి మన్ను కావాలె,” అన్నాడు సారు. “ఇనుము కావాలె. ఫాస్ఫేట్ కావాలె. మన్నుల గింత ఫాస్ఫేట్ ఒక్క కాడ కుప్పవడ్డదంటే అది బొక్కలదే. పాతిపెట్టిన బొక్కల మీద ముప్పై నలభై ఏండ్లల్ల గూడ పుడ్తదమ్మా. ఆ బాయిల ఏం పడ్డదో అడుగు. దాని పొంట ఇనుముగూడ పడ్డదా అడుగు.”

నేను అడగాల్సిన పని లేకపోయింది. ఎముకలు, ఇనుము, కూలిన ఒడ్డు. మూడూ నాకు రెండో తరగతి నుంచీ తెలుసు. ముసురు పట్టిన ఆ నాలుగు రోజులూ కళ్ళ ముందు తిరిగాయి. ఎద్దు పోయిన రాత్రే ఒడ్డు కూలిందని ఊరందరికీ తెలుసు. ఆ రెంటినీ ఎవరూ కలపలేదు. పటేలు కలపలేదు, మా బాపు కలపలేదు, ఇంత సైన్సు చదివిన నేనూ కలపలేదు. అందరం గొలుసు కోసం మనుషుల ఇళ్ళే వెతికాం. సారు ముందు కూర్చునే ఏడ్చేశాను. ఆయనకు నా మాటలు సగం వినపడలేదు. రాయి బాగుందనే ఏడుస్తున్నాననుకుని తన పెట్టె కూడా నా చేతిలో పెట్టాడు.

బయటికి వచ్చి పటేలు కొడుక్కు ఫోను చేశాను. పూడిక మట్టిలో బొక్కలేమైనా వచ్చాయా అని అడిగాను. వచ్చాయి, ఏదో పశువువి, మట్టికుప్పలోకే విసిరేశామన్నాడు. నేను వచ్చేదాకా ఆ కుప్పను ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అతను అడగనూ లేదు. బహుశా అతనికీ అప్పుడే తట్టి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. దారి పొడవునా ఒక మాట నూరుకుంటూ పోయాను. గొలుసు ఎక్కడుంటే దొంగ అక్కడ అన్నారు గదా, ఇప్పుడు చెప్పండి. ఈ మాట పటేలు భార్య మొహం మీద అనాలి. ఏ గొంతుతో అనాలో, ఎక్కడ ఆగాలో కూడా బస్సులో కూర్చుని సరిచూసుకున్నాను. తరగతిలో ఇన్నేళ్ళు నోరు పెంచింది ఇందుకే అనుకున్నాను.

ఇద్దరు కూలీలు పారలతో కుప్పను మెల్లగా విప్పారు. ముందు పక్కటెముకలు, తర్వాత దవడ. బొక్కల మీద అక్కడక్కడా నీలం పొడి. అప్పుడొక పార ఖణేలుమంది. మట్టి రాల్చి చూస్తే గొలుసు. తుప్పు పట్టి లావెక్కింది. మెడ ఎముకలు రెండు ఇంకా దాని చుట్టలోనే ఇరుక్కుని ఉన్నాయి. లంకెల సందుల్లో నీలం పలుకులు గుత్తులు కట్టాయి. నేను గబగబా కొస వెతికాను. కొక్కెం ఉంది. వంపు పూర్తిగా సాగి, కడ్డీలా తిన్నగా అయిపోయింది. ఎవరూ చేత్తో విప్పలేదు. ఎద్దే లాగి సాగదీసింది.

పటేలమ్మ అప్పటికే వచ్చి నా వెనక నిలబడి ఉంది. ఎనభై అయిదు ఉంటాయేమో, ఒక చేత కర్ర, ఒక చేత కొడుకు భుజం. చిన్నప్పుడు ఆమె నడిచొస్తుంటే మేం దారి తప్పుకునేవాళ్ళం. ఇప్పుడు నా భుజం దాకా కూడా లేదు. ఆమె ఆ గొలుసు వైపు చాలాసేపు చూసింది. నేను నా మాట అనడానికి నోరు తెరిచాను.

“గొలుసు ఏడుంటే దొంగ ఆడనే అంటిమి బిడ్డా,” అంది ఆమె. “మా బాయిలనే ఉండె.”

దారంతా నూరుకున్న మాట ఆమే అనేసింది. ఇక నాకేం మిగిలింది? తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఆమె కర్ర వదిలేసి మట్టిలోనే కూర్చుంది. మీ అమ్మ పొయ్యి తవ్వేటప్పుడు నేను వద్దనలేదు, వద్దంటే నా మాట ఆ ఇంట్లో నడిచేది కూడా కాదు, అయినా అనాల్సింది అంది. ఆమె మీద నా కోపం పోయిందని చెప్పను. అబద్ధమవుతుంది. కానీ ఆమెను పట్టి లేపింది నేనే.

బాపుకు అక్కడి నుంచే ఫోను చేశాను. చాయ్ హోటల్లో ఉన్నట్టున్నాడు, వెనక గ్లాసుల చప్పుడు. దొరికింది, బావిలో ఒడ్డు కింద దొరికింది, గొలుసు మెడకే ఉంది అని చెప్పాను.

“కొక్కెం సాగిందా?” అన్నాడు.

సాగిందని చెప్పాను.

“మోట కాడికే పోయింది బిడ్డా. వాన పడ్డా, ఒడ్డు గూలినా పనికే పోయింది. నేనచ్చేదాక ఆగలే.”

అప్పుడు ఏడ్చాడు. తన మీద పడ్డ నింద పోయినందుకు కాదు, ఎద్దు కోసం ఏడ్చాడు. ఇన్నేళ్ళూ ఎవడో కసాయికి అమ్ముకున్నాడనుకుని లోలోపల కుమిలాడట. ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. ఫోనులో ఆయన, బావి ఒడ్డున నేను, ఇద్దరం ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, అన్నం తిన్నావా అంటే తిన్నావా అని ఒకరినొకరం అడిగి పెట్టేశాం.

బావి పని మళ్ళీ మొదలైంది. ఆ నీలం మైలుతుత్తం కాదని, బొక్కలదీ ఇనుముదీ కలిసి పుట్టిందని, మనిషినేమీ చేయదని కూలీలకు నేనే చెప్పాను. నమ్మకం కోసం వాళ్ళ ముందు ఒక పలుకు తీసి చేతిలో రుద్ది చూపించాను. అయినా ఒకడు ఫోనులో వెతికి, నేను చెప్పింది నిజమని తేలాకే దిగాడు. నాకు ముచ్చటేసింది. నా పిల్లలు కూడా ఇలా అడ్డం తిరిగితే బాగుండు.

పది రోజులకు కొత్త నీళ్ళు ఊరాయి. వాటినీ పరీక్ష చేయిస్తే మంచివే అని వచ్చింది. పటేలు కొడుకు మళ్ళీ ఫోను చేశాడు. పూడిక తీసిన బావిలో కొత్త నీళ్ళు ఊరితే ముందు ఇంటి పశువుకు తాపి, తర్వాతే మనుషులు ముట్టుకోవడం వాళ్ళ ఇంటి పద్ధతి. ఆ రోజుకు బాపు రావాలని వాళ్ళమ్మ పట్టుబట్టింది, సిరిసిల్లకు కారు పంపిస్తానన్నాడు. బాపుకు చెబితే కారొద్దన్నాడు. గంభీరావుపేట ఆటో ఎక్కి వస్తానన్నాడు. మా తమ్ముడు ఆ మాట ఫోనులో చెప్పి, తనూ బాపు వెంట వస్తానన్నాడు.

నేను కోరుట్ల నుంచి పోయేసరికి బాపు ఆటో దిగి తమ్ముడితో బస్సు స్టేజీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల ధోవతి, చర్చికి వేసుకునే అంగీ. గడ్డం గీయించుకున్నాడు. అంత తయారైనవాడు చెప్పులు మాత్రం పాతవే వేసుకొచ్చాడు. మట్టిలోకి పోతున్నాం గదా, కొత్తవి ఖరాబు చేసుకోవాలా అన్నాడు. ఊళ్ళోకి నడుస్తుంటే ఎవరి ఇల్లు ఎక్కడుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. కొత్త డాబాల మధ్య కూడా పాత గుమ్మాల ఆనవాళ్ళు పట్టాడు.

పటేలమ్మ కొట్టం ముందు పీట మీద కూర్చుని ఉంది. వాళ్ళకు ఇప్పుడు ఎద్దుల్లేవు, పాలకని ఒక్క బర్రె ఉంది. ఆమె కొడుకు పట్టుకుని లేపితే లేచి, బర్రె పగ్గం తనే విప్పింది. ఆ రోజుల్లో ఆమె బాపును పేరు పెట్టి, ఏరా అని పిలిచిన మనిషి.

“తమ్మీ,” అంది. “మాది తప్పయింది. బర్రెను నువ్వే తోల్కపోయి తాపాలె.”

పగ్గం ముందుకు చాపింది. బాపు చేతులు అలవాటు కొద్దీ వెనక్కి పోయాయి. ముసలామె పగ్గం దించలేదు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది, ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. మా తమ్ముడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బాపు రెండు అరచేతులూ ధోవతికి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడు పగ్గం అందుకున్నాడు. అందుకోగానే దాన్ని రెండు చుట్లు మణికట్టుకు తిప్పుకోవడం చూశాను. ఎవరూ నేర్పక్కర్లేకుండా చెయ్యి తనంతట తనే చేసింది.

కొట్టం వెనక నుంచి గట్ల మీదుగా పోతే బావి అయిదు నిమిషాల దూరం. పటేలు కొడుకు ఆ దారి చూపించాడు. బాపు చూడనట్టే బర్రెను నడి వీధిలోకి తిప్పాడు. మేమంతా వెనక నడిచాం. ఎండ నడినెత్తికొచ్చింది, బర్రె దాహంతో ముందుకు లాగుతోంది, ఆయన మాత్రం పెళ్ళి ఊరేగింపులో నడిచినంత మెల్లగా నడిచాడు. పాత ఇళ్ళున్న ప్రతిచోటా ఆగాడు. మా గుడిసె ఉన్న జాగాలో ఇప్పుడు ఎవరిదో రేకుల షెడ్డుంది. అక్కడ కాస్త ఎక్కువసేపే ఆగాడు.

కిరాణా దుకాణం అరుగు మీద ఆయన ఈడు ముసలాయన ఒకడు కూర్చున్నాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరిదీ బర్రె అని అడిగాడు. బాపు ఆగి, వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పాడు.

“పటేలమ్మది. నా చేతికిచ్చింది.”